ఫ్రీ ఎనర్జీ జనరేటర్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు బకెట్, హీటర్ రాడ్ తీసుకెళ్ళండి: టెస్ట్ చేసే పద్ధతి

మా బాబాయ్ పోయినేడాది కొత్త బోరు వేయించాడు, రెండించుల నీళ్ళు పడ్డాయి, కానీ కరెంటు లైన్ చాలా దూరం, కనెక్షన్ వచ్చేదాకా ఏం చేయాలా అని తల పట్టుకుని కూర్చున్న టైంలో ఎవరో వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. ఒక మోటార్, దానికి బెల్టుతో పెద్ద ఇనప చక్రం, చక్రానికి ఇంకో బెల్టుతో ఆల్టర్నేటర్, అంటే తిప్పితే కరెంటు ఇచ్చేది. మోటార్‌ని కరెంటుతో స్టార్ట్ చేస్తాడు, చక్రం స్పీడ్ అందుకున్నాక ప్లగ్ పీకేసి ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కరెంటే మళ్ళీ మోటార్‌కి ఇస్తాడు, పక్కన పది ఎల్ఈడీ బల్బులు కూడా వెలుగుతుంటాయి. డీజిల్ లేదు, ఎండ అక్కర్లేదు, జీవితాంతం ఫ్రీ అంట. "ఐదు హెచ్‌పీ మోటార్ కూడా లాగుద్దంట్రా, అడ్వాన్స్ ఇరవై వేలు ఇస్తే చాలంట" అన్నాడు బాబాయ్. నేను పదేళ్ళు మోటార్ వైండింగ్ పని చేసినోడిని, అది పని చేయదు బాబాయ్ అంటే వినలేదు, కళ్ళతో చూశాను కదా అంటాడు. అప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే ఈ విషయంలో థియరీ చెప్పి ఎవర్నీ ఒప్పించలేం, వాళ్ళ ముందే కొలిచి చూపించాలి. ఆ కొలిచే పద్ధతే ఇక్కడ రాస్తున్నా, మీకూ ఇలాంటి బాబాయ్ ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

ముందు ఇంట్లోనే చేసుకునే చిన్న పని ఒకటి. పాత ప్రింటర్ పాడైపోయి మూల పడుంటే విప్పండి, లోపల స్టెప్పర్ మోటార్ అని నాలుగు వైర్లో ఆరు వైర్లో ఉన్న చిన్న మోటార్ ఉంటుంది. దాని షాఫ్ట్‌ని వేళ్ళతో తిప్పండి, ఈజీగా తిరుగుతుంది. ఇప్పుడు ఆ వైర్ల కొసలన్నీ కలిపి మెలేసి మళ్ళీ తిప్పండి. బిగుసుకుపోయినట్టు ఉంటుంది, ఎవరో లోపల పట్టుకుని ఆపుతున్నట్టు. వైర్లు విడదీయండి, మళ్ళీ ఈజీ. లోపల ఏమీ మారలేదు, బేరింగ్ అదే, గ్రీజు అదే, మరి ఎందుకు బరువెక్కింది? వైర్లు కలిపినప్పుడు కరెంటు పారింది, ఆ కరెంటు ఊరికే రాలేదు, మీ వేళ్ళ నుంచి వచ్చింది. ఆల్టర్నేటర్ ఎంత పెద్దదైనా ఇదే కథ, దాని నుంచి ఎంత కరెంటు లాగితే షాఫ్ట్ అంత బరువవుతుంది. వీడియోలో వాళ్ళు "ఆల్టర్నేటర్‌ని తిప్పడానికి కొంచెం పవర్ చాలు" అంటారు చూడండి, అది లోడ్ లేనప్పుడు, అంటే దాని కరెంటు మీద ఏమీ నడవనప్పుడు మాత్రమే నిజం. ఈ ఒక్క పని మా బాబాయ్ చేతికిచ్చి చేయించాను, నాలుగైదు సార్లు వైర్లు కలిపి విడదీసి చూసుకుని "అయితే ఆ పెద్ద చక్రం ఎందుకు పెట్టాడు మరి" అన్నాడు. మంచి ప్రశ్న.

చక్రం కరెంటు పుట్టించదు, దాచుకుంటుంది. ధాన్యం బస్తాలు గోడౌన్‌లో పెడితే గోడౌన్ పండించినట్టు కాదు కదా. ఎంత దాచుకుంటుందో లెక్క వేద్దాం, వీడియోలో కనపడే సైజుదే, 50 కేజీల చక్రం, ఈ అంచు నుంచి ఆ అంచుకి అర మీటరు, నిమిషానికి 1500 చుట్లు. అందులో దాగే ఎనర్జీ సుమారు 19,000 జౌళ్ళు. వినడానికి పెద్ద నంబర్ కానీ కరెంటు బిల్లు భాషలో చెప్తే ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు, అంటే ఈ చక్రంలో ఉన్నది యూనిట్‌లో దాదాపు 190వ వంతు. అర మిల్లీలీటరు డీజిల్ కాలిస్తే అంత వేడి వస్తుంది, ఇంజెక్షన్ సిరంజిలో అడుగున మిగిలేంత డీజిల్ అన్నమాట. బాబాయ్ ఐదు హెచ్‌పీ మోటార్‌ని గంట నడపాలంటే ఇలాంటి చక్రాలు ఎనిమిది వందలు కావాలి, అవి కూడా ముందే తిప్పి పెట్టినవి.

ఇప్పుడు వీడియో మళ్ళీ చూడండి. పది ఎల్ఈడీ బల్బులు, ఒక్కోటి 9 వాట్లు, మొత్తం 90 వాట్లు. 19,000ని 90తో భాగిస్తే 210 సెకన్లు, మూడున్నర నిమిషాలు. బెల్టు, బేరింగ్, గాలి తినేసేది, మోటార్ తినేసేది పోతే ఇంకా బాగా తక్కువ. వీడియోలో ప్లగ్ పీకాక ఎంతసేపు నడిపాడో టైం చూడండి, మా బాబాయ్‌కి వచ్చిన దాంట్లో ఒక నిమిషం కూడా లేదు, కట్ చేసి వెంటనే ఫోన్ నంబర్ వేశారు. ఎల్ఈడీ బల్బులే ఎందుకు పెడతారో, ఇస్త్రీ పెట్టె ఎందుకు పెట్టరో కూడా దీంతోనే తెలిసిపోతుంది.

ఇక అసలు టెస్ట్. కావలసినవి ఒక ప్లాస్టిక్ బకెట్, వెయ్యి వాట్ల హీటర్ రాడ్, నీళ్ళల్లో పెట్టే డిజిటల్ థర్మామీటర్ ఒకటి (వంటింటికి వాడేది చాలు, జ్వరం చూసేది పనికిరాదు), స్టాప్‌వాచ్ ఉన్న సెల్‌ఫోన్. మల్టీమీటర్ ఎందుకు తీసుకెళ్ళలేదు అంటారేమో, వోల్టేజ్ నంబర్ చూపించి బురిడీ కొట్టడం చాలా తేలిక, లోడ్ లేకుండా 230 వోల్టులు చూపించడం పెద్ద విషయం కాదు, ట్యాంకు ఎత్తులో ఉంది అని చెప్పినంత మాత్రాన అందులో నీళ్ళున్నాయని కాదు కదా. క్లాంప్ మీటర్ కూడా అంతే, ఆంపియర్లు మాత్రమే చూపిస్తుంది, లోడ్ లేని మోటార్ ఎక్కువ ఆంపియర్లు చూపిస్తూ తక్కువ వాట్లు తినొచ్చు, కెపాసిటర్ పెడితే ఆంపియర్లు తగ్గుతాయి కానీ వాట్లు అలాగే ఉంటాయి. (ప్లగ్‌లో పెడితే బిల్లు సగం అవుద్ది అని అమ్మే పవర్ సేవర్ డబ్బాల కిటుకు కూడా ఇదే, మన ఇంటి బిల్లు యూనిట్ల లెక్కన వస్తుంది, అందుకే బిల్లు తగ్గదు.) నీళ్ళు అలా కాదు. నీళ్ళు వేడెక్కాయంటే ఎనర్జీ వచ్చినట్టు, వేడెక్కలేదంటే రానట్టు, మధ్యలో మాటలు ఉండవు.

షెడ్‌కి వెళ్ళగానే మెషిన్ చూడకండి, ముందు చుట్టుపక్కల చూడండి. స్టాండ్ కాళ్ళు నేలకి బోల్టులతో బిగించి ఉంటే బోల్టులు విప్పి మెషిన్ పక్కకి జరపమనండి, పైపు కాళ్ళల్లోంచి వైర్ రావడం పాత పద్ధతి. తర్వాత బ్యాటరీ. "స్టార్టింగ్ కోసం మాత్రమే సార్" అని ఒక బ్యాటరీ ఉంటుంది. ఇన్వర్టర్లకి వాడే 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయితే అందులో 1.8 యూనిట్లు ఉంటాయి, అంటే పైన చెప్పిన చక్రానికి మూడు వందల రెట్లకి పైనే. పది ఎల్ఈడీ బల్బులు ఆ బ్యాటరీ మీద, ఇన్వర్టర్ నష్టం పోగా కూడా, పదిహేను గంటలు వెలుగుతాయి, పక్కన చక్రం తిరుగుతున్నా తిరక్కపోయినా. అందుకని స్టార్ట్ అయ్యాక బ్యాటరీ వైర్లు విప్పి బ్యాటరీని షెడ్ బయట పెట్టించండి. ఒప్పుకోకపోతే అక్కడితో టెస్ట్ అయిపోయినట్టే, టీ తాగి వచ్చేయండి.

ఇలా వెతకడం కొత్తేమీ కాదు. 1812లో అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఛార్లెస్ రెడ్‌హెఫర్ అనే ఆయన తనంతట తానే తిరిగే మెషిన్ అని పెట్టి, చూడ్డానికి డబ్బులు వసూలు చేసి, పెద్దది కట్టడానికి సిటీ వాళ్ళ డబ్బు కూడా అడిగాడు. 1813 జనవరిలో సిటీ వాళ్ళు ఇన్‌స్పెక్టర్లని పంపితే వాళ్ళలో నేథన్ సెల్లర్స్ అనే ఆయన కొడుకు ఒక విషయం పట్టేశాడు. మెషిన్ ఇంకో యంత్రాన్ని గేర్లతో తిప్పుతోంది అని చెప్తున్నారు కదా, అలా అయితే గేర్ పళ్ళు ఒక వైపు అరగాలి, కానీ రెండో వైపు అరిగి ఉన్నాయి. అంటే మెషిన్ దాన్ని తిప్పట్లేదు, అదే మెషిన్‌ని తిప్పుతోంది. పళ్ళు అబద్ధం చెప్పవు. రెడ్‌హెఫర్ అక్కడి నుంచి న్యూయార్క్ వెళ్ళి మళ్ళీ దుకాణం తెరిచాడు, అక్కడ స్టీమ్ పడవల రాబర్ట్ ఫుల్టన్ చూడ్డానికొచ్చి చక్రం సమానంగా తిరగట్లేదని, ఎవరో చేత్తో హ్యాండిల్ తిప్పుతున్నప్పుడు వచ్చే ఊపు ఉందని పసిగట్టాడు. పక్కనున్న చెక్కలు పీకితే గోడలోకి సన్నటి తాడు బెల్టు, దాన్ని పట్టుకుని వెళ్తే అటక మీద ఒక ముసలాయన కూర్చుని హ్యాండిల్ తిప్పుతున్నాడు. నాకు ఈ కథలో ఆ ముసలాయన మీదే జాలి. మీరు కూడా షెడ్‌లో బెల్టులు చూడండి, లోడ్ పెట్టినప్పుడు ఏ వైపు బిగువుగా ఉంది, ఏ వైపు వదులుగా ఉంది. లాగే పుల్లీ వైపుకి వెళ్ళే పక్క బిగుస్తుంది. ఏది దేన్ని తిప్పుతోందో అది చూస్తే తెలిసిపోతుంది.

సరే, మా సంగతి. మేము వెళ్ళినప్పుడు ఆ షెడ్ ఆయన చాలా మర్యాదగా కుర్చీలేసి, మెషిన్ స్టార్ట్ చేసి, చక్రం స్పీడ్ అందుకున్నాక స్విచ్ మార్చి ప్లగ్ పీకి మా బాబాయ్ చేతికి ఇచ్చాడు, పట్టుకో పెద్దాయనా అని. బల్బులు వెలుగుతున్నాయి. బాబాయ్ నా వైపు చూశాడు, చూశావా అన్నట్టు. నేను బకెట్లో ఉన్న రాడ్ ప్లగ్ తీసుకెళ్ళి బల్బుల బోర్డులో పెట్టి స్విచ్ వేశా. ఊ... అని మూలిగినట్టు సౌండ్ దిగిపోయింది, బల్బులు రెప్పలార్చి ఆరిపోయాయి, నేను ఐదు లెక్కపెట్టలేదు, చక్రం మాత్రం ఊరికే ఇంకాసేపు తిరిగి ఆగింది. నీళ్ళల్లో థర్మామీటర్ కదల్లేదు. కదలదు కూడా, ఆ చక్రంలో ఉన్నదంతా పైసా నష్టం లేకుండా 15 లీటర్ల నీళ్ళల్లోకి పోయినా పెరిగేది 0.3 డిగ్రీ. "అది రెసిస్టివ్ లోడ్ సార్, మా మెషిన్‌కి పడదు" అన్నాడాయన (హీటర్, ఇస్త్రీ పెట్టె లాంటివాటిని అలా అంటారు). బోరు మోటార్ దానికి నాలుగింతలు లాగుతుంది, అది మాత్రం పడుతుందంట.

తర్వాత మాట మార్చాడు, అందరూ మారుస్తారు, "పూర్తిగా ఫ్రీ కాదు సార్, కొంచెం ఇన్‌పుట్ ఇస్తే మూడింతలు అవుట్‌పుట్" అని. ఇది కొలవడం ఇంకా తేలిక. షెడ్‌లో మిగతావన్నీ ఆపించి మెయిన్ మీటర్ దగ్గర నిలబడండి. డిజిటల్ మీటర్ మీద ఎర్ర లైట్ మిణుకుమంటుంది, పక్కన ఒక యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, చాలా మీటర్ల మీద 3200 ఉంటుంది, మీదాని మీద వేరే నంబర్ ఉంటే అదే తీసుకోండి. 3200 అయితే ఒక్కో మిణుకు 1125 జౌళ్ళు. పది మిణుకులకి పట్టిన టైం చూసి పదితో భాగించి, 1125ని ఆ సెకన్లతో భాగిస్తే అదే వాట్లు. మా లెక్కలో పది మిణుకులు 9 సెకన్లలో వచ్చాయి, ఒక్కోటి 0.9, అంటే 1250 వాట్లు మెషిన్‌లోకి పోతోంది. అవతల బకెట్లో 15 లీటర్లు, పది నిమిషాల్లో 6 డిగ్రీలు పెరిగింది. లీటర్లని డిగ్రీలతో గుణించి, 70తో గుణించి, నిమిషాలతో భాగిస్తే వాట్లు వస్తాయి: 15 × 6 × 70 ÷ 10 అంటే 630. చూసే ముందు నీళ్ళు ఒకసారి కలపాలి, లేకపోతే పైన వేడి కింద చల్లగా ఉండి లెక్క తప్పుతుంది, కలిపే ముందు రాడ్ ప్లగ్ తప్పకుండా తీసేయండి, స్విచ్ ఆపితే చాలదు. రాడ్ మీద వెయ్యి వాట్లని రాసుంది కదా 630 ఏంటి అంటారా, వోల్టేజ్ పడిపోయింది కాబట్టి. 1250 పోతే 630 వచ్చింది, సగం. ఆ రాడ్‌ని తిన్నగా గోడ ప్లగ్‌లో పెట్టుకుంటే పోయినంతా నీళ్ళల్లోకే వచ్చేది, మధ్యలో ఇంత ఇనుము పెట్టినందుకు సగం పోయింది. ఆ సగం ఎక్కడికి పోయిందో చూడాలంటే మోటార్ బాడీ మీద, ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెట్టి చూడండి, కాలుతుంటాయి. బెల్టు వాసన కూడా వస్తుంది.

ఇది ఆ మెషిన్ చేతగానితనం కూడా కాదు. చిన్న మోటార్లు ఇచ్చిన దాంట్లో 78 శాతం తిప్పుతాయి అనుకోండి, రెండు బెల్టులు కలిపి 90 శాతం దాటిస్తాయి, ఆల్టర్నేటర్ 80 శాతం. మూడూ గుణిస్తే 56. ఎంత ఖరీదైనవి పెట్టినా ఒక్కోటీ 100కి లోపే ఉంటుంది, వందలోపు నంబర్లు ఎన్ని గుణించినా వంద దాటవు. మరి రాపిడి అసలు లేకుండా చేస్తేనో అని ఒక బీటెక్ కుర్రాడు నన్నడిగాడు. సరే, చేశావనుకో, అప్పుడు వంద పోతే వందే వస్తుంది, ఆ వంద మళ్ళీ మోటార్‌కే కావాలి, బల్బుకి ఇవ్వడానికి ఏం మిగిలింది? తిరుగుతూ ఉండటం వేరు, దాని నుంచి పని తీసుకోవడం వేరు. చందమామ కోట్ల ఏళ్ళుగా తిరుగుతోంది, కానీ దానికి తాడు కట్టి నీళ్ళు తోడితే ఆ తోడినంతా దాని తిరుగుడులోంచే తగ్గుతుంది.

అయస్కాంతాలతో తిరిగేవి ఉన్నాయి కదా అంటారు. అయస్కాంతం స్ప్రింగ్ లాంటిది, దగ్గరికి లాగేటప్పుడు ఎంత ఇస్తుందో దూరం జరిపేటప్పుడు అంత వెనక్కి తీసుకుంటుంది, చుట్టు పూర్తయ్యేసరికి సున్నా. భాస్కరాచార్యుడు 1150లోనే చెప్పాడు అని కూడా మనోళ్ళు అంటారు. నిజమే, సిద్ధాంత శిరోమణిలో ఆకుల్లో పాదరసం సగం నింపిన చక్రం గురించి ఉంది, అంతకు ముందు బ్రహ్మగుప్తుడు కూడా రాశాడు. ఆయన గణితం మీద నాకు ఎంత గౌరవమో, ఆ చక్రం మాత్రం తిరగదు. ఒక వైపు బరువులు దూరంగా జరుగుతాయి నిజమే, కానీ ఆ వైపు తక్కువ బరువులుంటాయి, దగ్గరగా ఉన్న వైపు ఎక్కువ ఉంటాయి, రెండూ సరిపోతాయి. నమ్మకపోతే సైకిల్ చక్రం తలకిందులుగా పెట్టి ఆకులకి జారేలా నట్లు గుచ్చి చూడండి, కాసేపు ఊగి ఆగుతుంది.

ఇంకోటి మేడ మీద ట్యాంక్ ఐడియా, ఇది నాకు నెలకొకరు చెప్తారు. పైనుంచి పడే నీళ్ళకి చిన్న టర్బైన్ పెట్టి ఆ కరెంటుతోనే మళ్ళీ నీళ్ళు పైకెక్కిస్తే? వెయ్యి లీటర్లు పది మీటర్ల నుంచి పడితే వచ్చేది 0.027 యూనిట్, అదీ నష్టం లేకుండా. అదే నీళ్ళు ఎక్కించడానికి మన మోనోబ్లాక్ పంపు దాదాపు రెట్టింపు తింటుంది. అలా అయితే శ్రీశైలంలో ఎలా చేస్తున్నారు అని అడుగుతారు కొంచెం తెలిసినవాళ్ళు. శ్రీశైలం ఎడమగట్టు పవర్ హౌస్‌లో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి, అవి వెనక్కి తిప్పితే పంపుల్లా కూడా పనిచేసేలా కట్టినవి. కానీ అక్కడ కూడా పంపు చేయడానికి పట్టే కరెంటు కన్నా తిరిగి వచ్చేది తక్కువే, ఇలాంటి ప్లాంట్లలో మామూలుగా నాలుగో వంతో ఐదో వంతో పోతుంది, తెలిసే పోగొట్టుకుంటారు, ఎందుకంటే కరెంటు మిగిలినప్పుడు ఎక్కించి అందరూ వాడే టైంలో దించుకోవడం దాని పని. అది పెద్ద బ్యాటరీ, పుట్టించే మెషిన్ కాదు.

కాగితాలు చూపిస్తే ఏం చేయాలో కూడా చెప్పేస్తా. మాకు "పేటెంట్ అప్లికేషన్ నంబర్" ఉన్న కాగితం లామినేషన్ చేయించి చూపించారు. అప్లికేషన్ ఎవరైనా పెట్టుకోవచ్చు, ఫీజు కడితే నంబర్ వస్తుంది, గ్రాంట్ అయిందా అనేది అడగాలి. మన 1970 పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(ఎ) ప్రకారం ప్రకృతి నియమాలకి స్పష్టంగా విరుద్ధంగా ఉండేది అసలు ఆవిష్కరణ కిందకే రాదు. పారిస్ సైన్స్ అకాడమీ అయితే ఇలాంటివి ఇక చూడం అని 1775లోనే తలుపు మూసేసింది.

ఇంకో మాట, ఇది టెస్ట్ కన్నా ముఖ్యం. ఇలాంటి మెషిన్ ఎవరైనా ఇంటికి తెచ్చి "ఊరికే ప్లగ్‌లో పెట్టి చూద్దాం" అంటే పెట్టనివ్వకండి. చేంజోవర్ స్విచ్ (లైన్ కరెంటు, జనరేటర్ రెండూ ఒకేసారి కలవకుండా ఆపేది) లేకుండా ఏ జనరేటర్ అయినా ఇంటి వైరింగ్‌కి కలిపితే కరెంటు వెనక్కి లైన్‌లోకి పోతుంది, కరెంటు పోయిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. 50 కేజీల చక్రం 1500 చుట్ల మీద ఉన్నప్పుడు జాలీ లేకుండా దాని ఎదురుగా నిలబడటం కూడా అంతే సంగతి, పంచె, చున్నీ ఉంటే ఇంకా దూరం ఉండండి.

బాబాయ్ అడ్వాన్స్ ఇవ్వలేదు. కనెక్షన్ వచ్చేదాకా అని పక్క ఊళ్ళో పాత డీజిల్ ఇంజన్ ఒకటి అద్దెకి తెచ్చుకున్నాడు, పొగ, మోత, కానీ లీటరు పోస్తే ఎంతసేపు నడుస్తుందో ముందే చెప్పొచ్చు. మా హీటర్ రాడ్ మాత్రం ఆ షెడ్‌లోనే మర్చిపోయి వచ్చాం, నాలుగు సార్లు ఫోన్ చేశా, ఆయన ఎత్తట్లేదు.